మదింపు ఏ భాషలో జరిగింది?

కూకట్‌పల్లి, మూసాపేట, అల్విన్ కాలనీ ప్రాంతాల్లో బడికి వెళ్ళే ముస్లిం పిల్లల్లో అనేకులకు ప్రతి రోజూ మూడు భాషల్లో గడుస్తుంది. ఇంట్లో అమ్మీతో దక్కనీ ఉర్దూ, వీధిలో స్నేహితులతో తెలుగు, తరగతి గదిలో ఇంగ్లీషు. కర్నూలు, కడప, గుంటూరు జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడిన దూదేకుల కుటుంబాల్లోనైతే ఇంటి భాషే తెలుగు. ఇలాంటి బిడ్డ మూడో తరగతిలో చదవడానికి తడబడితే, ఆ తడబాటు భాషలది కావచ్చు, చూపుది కావచ్చు, వినికిడిది కావచ్చు, లేదా నిజంగానే అభ్యసన వైకల్యం కావచ్చు. బడి మాత్రం ఒకే మాట అంటుంది: "స్లో లెర్నర్. అసెస్‌మెంట్ చేయించి రిపోర్టు తీసుకురండి."

ఆ రిపోర్టు చేతికి వచ్చాక మన తల్లిదండ్రులు సాధారణంగా రెండే దారులు పడుతున్నారు. కొందరు దాన్ని బీరువాలో దాచి, బంధువులకు తెలియకుండా చూసుకుంటారు. కొందరు దాన్ని నుదుటి రాతగా స్వీకరించి, బిడ్డను చదువు మాన్పించి పనిలో పెడతారు. ఆడపిల్ల అయితే ఇంట్లో కూర్చోబెడతారు. ఈ రెండు దారులూ బిడ్డకు అన్యాయం చేసేవే. నివేదిక తీర్పు కాదు. బిడ్డకు రావలసిన సహాయాన్ని అడిగి తీసుకునేందుకు చేతికి వచ్చిన పత్రం. అయితే ఆ పత్రానికి విలువ ఉండాలంటే ముందుగా ఒక ప్రశ్నకు జవాబు దొరకాలి. ఈ మదింపు బిడ్డకు తెలిసిన భాషలో జరిగిందా?

ఈ ప్రశ్న వెనుక శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. 1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి తొలి ప్రజ్ఞామాపనిని రూపొందించింది తరగతిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి అదనపు బోధన అందించడానికి. అది బిడ్డ బుద్ధిని శాశ్వతంగా కొలిచే తూకపు రాయి కాదని బినే స్వయంగా హెచ్చరించాడు. కాని అదే పరికరం అమెరికా చేరాక దారి మళ్ళింది. 1913లో హెన్రీ గొడార్డ్ బృందం ఎల్లిస్ ద్వీపంలో ఓడ దిగిన వలస ప్రజలను దుబాసీల సాయంతో పరీక్షించి, వారిలో అత్యధికులను మందబుద్ధులుగా లెక్కగట్టింది. 1970లో కాలిఫోర్నియాలో తొమ్మిదిమంది మెక్సికన్ మూలాల పిల్లల పక్షాన "డయానా" పేరుతో ఒక దావా నడిచింది. ఇంట్లో స్పానిష్ మాట్లాడే ఆ పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధుల తరగతుల్లో వేశారు. తిరిగి స్పానిష్‌లో పరీక్షిస్తే వారిలో చాలామంది ఆ గీతకు పైనే ఉన్నారు. మందకొడితనం పిల్లల్లో లేదు. పరీక్ష పెట్టిన భాషలో ఉంది. 1975లో అమెరికా చేసిన వికలాంగ బాలల విద్యా చట్టం పిల్లలను వారి మాతృభాషలోనే మదింపు చేయాలని నిర్దేశించడానికి ఇలాంటి పోరాటాలే నేపథ్యం.

మన దగ్గర పరిస్థితి ఏమిటి? మన ఆసుపత్రుల్లో, కేంద్రాల్లో విస్తృతంగా వాడే బినే–కామత్ పరీక్షను వి.వి. కామత్ కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లల కోసం మలచారు. మరొకటి ఆర్థర్ మాలిన్ నాగపూర్‌లో రూపొందించిన భారతీయ బాలల ప్రజ్ఞామాపని. దాని కాలం 1969. ఈ పరీక్షలు పనికిరానివని చెప్పడం లేదు. నేర్పరి చేతిలో అవి ఎంతో చెబుతాయి. కాని అర్ధ శతాబ్దం కిందటి పిల్లలను ప్రమాణంగా తీసుకున్న కొలతతో, దక్కనీ మాట్లాడే కూకట్‌పల్లి బిడ్డను కొలుస్తున్నప్పుడు వచ్చే అంకెను ఎంత జాగ్రత్తగా చదవాలో తల్లిదండ్రులకు తెలియాలి.

ఆ అంకె స్వభావాన్ని కూడా తెలుసుకుందాం. ఇప్పటి పరీక్షల్లో సగటును 100గా నిర్ణయిస్తారు. ప్రతి ముగ్గురు పిల్లల్లో దాదాపు ఇద్దరు 85కూ 115కూ మధ్యనే ఉంటారు. నివేదికలో 88 అని రాసి ఉంటే అది ఒక బిందువు కాదు. దానికి అటూ ఇటూ కొన్ని అంకెల పరిధి ఉంటుంది. మొత్తం కంటే భాగాలు ముఖ్యం. మాటలతో జవాబు చెప్పవలసిన విభాగాల్లో తక్కువ, బొమ్మలు పేర్చడం, ఆకారాలు కలపడం వంటి విభాగాల్లో ఎక్కువ వస్తే, అది బుద్ధి లోపం కాక భాషా సమస్య కావచ్చు; వినికిడి లోపమూ కావచ్చు. అందుకే మదింపుకు ముందే బిడ్డ చెవులూ కళ్ళూ పరీక్షింపజేయాలి.

నివేదిక అందుకునే గదిలోనే తల్లిదండ్రులు అడగవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. పరీక్ష చేసిన వ్యక్తి భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా, నమోదు సంఖ్య ఏది? ఏ పరీక్ష, ఏ భాషలో చేశారు? బిడ్డ ఉర్దూలో జవాబిస్తే అంగీకరించారా? చివరగా, రేపటి నుంచి ఇంట్లో మేమేం చేయాలి, బడి ఏం చేయాలి? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని నివేదిక అసంపూర్ణం. కాగితం ఇచ్చి పంపించకుండా, దాన్ని అమ్మీకి అర్థమయ్యే భాషలో వివరించడం కూడా వారి బాధ్యతే.

వేలిముద్రలు చూసి బిడ్డ తెలివితేటలు చెబుతామనే "డి.ఎం.ఐ.టి." వ్యాపారాన్ని మదింపుతో కలపకూడదు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత మనోవైద్యుల సంఘమే ప్రకటించింది. ఆ డబ్బు మిగుల్చుకోండి. సరైన మదింపు కోసం లక్షలు పోయవలసిన అవసరమూ లేదు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషను ఎర్రగడ్డ; అక్కడ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. "పిచ్చాసుపత్రి" అన్న పాత పేరుకు భయపడి ఆ గడప తొక్కనివారు ఎందరో. బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. ఆటిజం అంచనాకు దేశమంతటా వాడే 40 అంశాల భారతీయ కొలమానం ఆ సంస్థలోనే పుట్టింది. మండలాల్లో సమగ్ర శిక్ష భవిత కేంద్రాలు ఉన్నాయి.

బడుల సంగతికి వస్తే, నివేదికను బిడ్డను సాగనంపే సాధనంగా వాడుకునే ధోరణి కనిపిస్తోంది. చట్టం ఇందుకు ఒప్పుకోదు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశాల కోసం బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని వడపోయడాన్ని నిషేధించింది. 16వ సెక్షన్ ప్రాథమిక విద్య పూర్తయ్యే దాకా ఏ బిడ్డనూ బడి నుంచి తొలగించరాదంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవడాన్ని బడుల బాధ్యతగా చేసింది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు దయాధర్మాలు కావు. 40 శాతం వైకల్యం లేదన్న సాకుతో సహాయకుణ్ణి నిరాకరించరాదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బడికి పూర్తి నివేదిక ఇవ్వవలసిన పనిలేదు; సిఫార్సుల పేజీ ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. ముస్లిం బిడ్డ మీద ఇప్పటికే "వెనుకబాటు" ముద్ర ఉంది. దాని మీద వైకల్యం అనే ముద్ర మరొకటి ఎందుకని పెద్దలు అడుగుతారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. పరీక్షలు ముద్రలుగా మారిన చరిత్రను పైన చూశాం. కాని మదింపు వద్దనుకుంటే ముద్ర పోదు. పేరు పెట్టని కష్టానికి బడిలో "మొద్దు", ఇంట్లో "సోమరి" అనే పేర్లు వాటంతటవే అంటుకుంటాయి. 6–14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం దాకా బడి ముఖం చూడనివారో మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. అలా మానినవారిలో అక్షరాలు అల్లుకుపోయి కనిపించిన పిల్లలు, పలక మీది రాత ఆనని పిల్లలు ఎందరున్నారో ఎవరు లెక్కపెట్టారు? పరీక్షను నిరాకరించడం దీనికి పరిష్కారం కాదు. సరైన పరీక్షను హక్కుగా అడగడమే పరిష్కారం.

దాచుకునే అలవాటుకు ధర్మంలోనూ ఆధారం లేదు. అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వస్తే, ఖురైష్ పెద్దలతో సంభాషణలో ఉన్న దైవప్రవక్త (స) ముఖం తిప్పుకున్న సందర్భంలోనే అబస సూరా అవతరించింది. ఆ తరువాత అదే సహాబీ మదీనా మస్జిద్‌లో అజాన్ ఇచ్చారు. నేర్చుకోవాలని వచ్చినవాణ్ణి లోపం చూసి పక్కకు నెట్టరాదన్న పాఠం మన ఇళ్ళకూ, మన మదర్సాలకూ వర్తిస్తుంది. తావీజు కట్టించుకునే తల్లి విశ్వాసాన్ని గేలి చేయనక్కరలేదు. దుఆతో పాటు వైద్యమూ చేయించాలని ఇమాములు ఖుత్బాలో ఒక్కమాట అంటే చాలు.

అడగవలసినవారిని అడగవలసింది ఇదీ. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు సమకూర్చాలని రాజ్యాంగం 350–ఎ అధికరణం చెబుతోంది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. బోధనకు వర్తించే న్యాయం మదింపుకు ఎందుకు వర్తించదు? ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉర్దూ తెలిసిన సైకాలజిస్టులను నియమించాలి. మైనారిటీ గురుకులాల్లో చేరిన ప్రతి బిడ్డకూ చూపు, వినికిడి, అభ్యసన పరిశీలన జరగాలి. ఆటిజం కొలమానాన్ని దేశానికిచ్చిన నగరంలోనే దక్కనీ, తెలుగు పిల్లల కోసం కొత్త ప్రమాణాలతో పరీక్షలు తయారు కావాలి. అవి వచ్చే దాకా ఆగనక్కరలేదు. రేపు మదింపుకు వెళ్ళే తల్లి కుర్చీలో కూర్చోగానే, "మా బిడ్డతో ఏ భాషలో మాట్లాడతారు?" అని అడగవచ్చు. ఆ హక్కు ఆమెకు ఇప్పటికే ఉంది.