కండల కారును రోజూ నడపవచ్చా?

‘మజిల్ కారు’ అనే మాట మీరెప్పుడైనా విన్నారా? మజిల్ అంటే కండ. పేరుకు తగ్గట్టే అది కండలు తిరిగిన కారు. అమెరికాలో పాంటియాక్ కంపెనీ ‘జి.టి.ఓ.’ అనే కారును 1964 మోడలుగా అమ్మకానికి పెట్టింది. పెద్ద కార్లకు బిగించే ఇంజనును మధ్యరకం కారులో అమర్చడమే అందులోని కిటుకు. ఆ ఇంజను పరిమాణం 6.4 లీటర్లు. మన వీధుల్లో తిరిగే చిన్న కార్ల ఇంజన్లు లీటరు, లీటరుంబావు ఉంటాయి. దాని బలం 325 అశ్వశక్తి అని కంపెనీ ప్రకటించింది. కుర్రకారు ఎగబడి కొన్నారు. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. తర్వాత పొగను అదుపుచేసే చట్టాలు వచ్చాయి, 1973లో చమురు సంక్షోభం వచ్చింది. దాంతో ఆ కార్ల వైభవం తగ్గిపోయింది.

కాని ఆనాటి కార్లు కొన్ని మిగిలాయి. అమెరికాలో వాటిని ప్రాణంగా చూసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. చాలామంది వాటిని సెలవు రోజుల్లో మాత్రమే బయటికి తీస్తారు. కొందరు మాత్రం “కారు ఉన్నది నడపడానికే కదా! రోజూ ఆఫీసుకు దానిలోనే ఎందుకు వెళ్ళకూడదు?” అంటారు.

ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. వారి వాదనలో బలముంది. వాడని యంత్రం నిజంగానే పాడవుతుంది. రబ్బరు భాగాలు ఎండి బీటలు వారతాయి. కార్బురేటరులో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. బ్రేకు గొట్టాలు తుప్పు పడతాయి. అంతే కాదు, కొత్త కారు తయారీకి ఇనుము కరిగించాలి, గాజు పోతపొయ్యాలి, బోలెడంత ఇంధనం మండించాలి. ఒక కారు తయారయ్యేసరికి సుమారు ఐదు నుంచి పది టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. పాత కారునే వాడుకుంటే అదంతా మిగిలినట్టే కదా?

మిగులుతుందో లేదో కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేద్దాం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది, మరి వాయువు అంత బరువెలా వచ్చింది? పెట్రోలులోని కర్బనం గాలిలోని ఆమ్లజనితో కలుస్తుంది కనుక, ఆ బరువు కూడా చేరుతుంది.

కండల కారు లీటరుకు 6 కిలోమీటర్లు, కొత్త కారు 15 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాం. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున తిరిగితే ఏడాదికి సుమారు 15,000 కిలోమీటర్లు. పాత కారుకు 2,500 లీటర్లు కావాలి, కొత్త దానికి 1,000 లీటర్లు చాలు. తేడా 1,500 లీటర్లు, అంటే దాదాపు మూడున్నర టన్నుల వాయువు. కొత్త కారు తయారీకి ఏడు టన్నులనుకుంటే, రెండేళ్ళలో ఆ బాకీ తీరిపోతుంది. ఆ తర్వాత పాత కారుతో ఏటా నష్టమే.

ఇప్పుడు అదే కారును సెలవు రోజుల్లో మాత్రమే తీసి, ఏడాదికి 1,500 కిలోమీటర్లు తిప్పారనుకోండి. తేడా 345 కిలోలు. బాకీ తీరడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది! అటువంటి కారును తుక్కు చేయమనడం తెలివి కాదు. చూశారా, కారు అదే, పెట్రోలు అదే. కిలోమీటర్లు మారగానే జవాబు తలకిందులయింది.

పొగ సంగతి ఇంకా గట్టిది. ఆనాటి కార్బురేటరు పెట్రోలును ఉజ్జాయింపుగానే గాలిలో కలుపుతుంది. పూర్తిగా మండని పెట్రోలు, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడు, నత్రజని ఆక్సైడులు పొగగొట్టం గుండా బయటికి వస్తాయి. లాస్ ఏంజెలిస్ నగరంలో కళ్ళు మండించిన పొగమంచుకు మూలం ఇటువంటి వాయువులపై ఎండ పడటమేనని హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల తొలినాళ్ళలో నిరూపించాడు. ఈనాటి కార్లలో గాలిని, పెట్రోలును కంప్యూటరు కొలిచి కలుపుతుంది. మిగిలిన విషవాయువులను ఉత్ప్రేరక పరికరం శుద్ధి చేస్తుంది. 1970 నాటి కార్లతో పోల్చితే కొత్త కార్లు వదిలే ముఖ్యమైన కాలుష్యాలు సుమారు 99 శాతం తక్కువని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది. అంటే ఒక్క పాత కారు వెళ్ళిన దారిలో వంద కొత్త కార్లు వెళ్ళినంత పొగ! నడిపే ఆనందం ఒకరిది, పీల్చే గాలి అందరిదీ.

మరి నడిపేవారి క్షేమం? 2009లో అమెరికాలో 1959 నాటి షెవర్లె బెల్ ఎయిర్ కారును, 2009 నాటి షెవర్లె మాలిబు కారును ఎదురెదురుగా ఢీకొట్టించారు. చూడటానికి ఉక్కుకోటలా ఉన్న పాత కారులో డ్రైవరు స్థలం నలిగిపోయింది. అందులో మనిషి ఉంటే బతకడం కష్టమని తేలింది. కొత్త కారులోని బొమ్మకు కాలి దెబ్బ మాత్రమే తగిలింది. గట్టి రేకు మనిషిని కాపాడదు. ముందుభాగం తాను నలిగి దెబ్బను మింగాలి, మనిషి కూర్చున్న గది నిలబడాలి. 1960ల కార్లలో చాలావాటిని ఆ లెక్కతో కట్టలేదు.

చట్టం ఏమంటుంది? కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు నాటి కార్లకు పొగ పరీక్ష లేదు, అవి ఎంత తిరిగినా సరే. నెవాడా రాష్ట్రంలో పాత కార్లకు ప్రత్యేక నంబరు పలక తీసుకుంటే పరీక్ష తప్పుతుంది, కాని ఏడాదికి 5,000 మైళ్ళు, అంటే సుమారు 8,000 కిలోమీటర్లు దాటకూడదు. పొగ కక్కే డొక్కు బళ్ళకు సైతం కొందరు ఆ పలకలు తగిలించేసరికి, 2023 నుంచి నిబంధనను మరింత బిగించారు. నాకు నెవాడా పద్ధతే న్యాయంగా తోస్తుంది. కారు వయసును చూసి వదిలేయడం కాదు, అది తిరిగే దూరాన్ని చూడాలి.

పాత యంత్రాలను ప్రేమించడం తప్పు కాదు. వాటిని విప్పి చూసినవారికి ఇంజను పనితీరు చేతివేళ్ళకు తెలుస్తుంది. అందుచేత కండల కారు బతకాలి, అప్పుడప్పుడూ రోడ్డెక్కాలి. రోజువారీ చాకిరీ మాత్రం దానికి వద్దు. ఏమంటారు? నాతో ఏకీభవించనివారు పై లెక్కలో మీ ఇంటి బండి కిలోమీటర్లు వేసి, జవాబు ఎటు మొగ్గుతుందో చూడండి.