ఆ మూడు పోర్టులూ ఇవ్వండి

1990లలో మెక్‌లారెన్ కంపెనీ ఎఫ్1 అనే కారు తయారుచేసింది. మొత్తం 106 బళ్లు. కోట్లు పలికే ఆ కారు సర్వీసుకొస్తే ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో మెకానిక్ బయటికి తీసేది కాలం చెల్లిన కాంపాక్ ల్యాప్‌టాప్ అని 2016లో లోకానికి తెలిసింది. కారుతో మాట్లాడే డాస్ ప్రోగ్రాం అందులో ఉంది, దానికి ప్రత్యేకంగా చేయించిన కార్డు కూడా అందులోనే ఉంది. అలాంటి ల్యాప్‌టాప్‌లు దొరకడం కష్టమవుతోందని, కొత్త ఇంటర్‌ఫేస్ సిద్ధం చేస్తున్నామని కంపెనీ చెప్పింది.

మెక్‌లారెన్‌కు ఆ స్తోమత ఉంది. ఒకే ఒక్క పాత కట్టింగ్ మిషన్ మీద బతికే వర్క్‌షాపుకు లేదు. మిషన్ ఇనుము దిట్టంగానే ఉంటుంది, దాన్ని నడిపే కంప్యూటరే ముందు పోతుంది.

పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త కంప్యూటర్లో నడపడం ఇప్పుడు కష్టం కాదు. డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ 2002 నుంచీ ఆ పని చేస్తోంది. ఆటలకు అది చాలు, మిషన్‌కు చాలదు. డాస్ ప్రోగ్రాం ఎవరినీ అడక్కుండా నేరుగా పోర్టులోకి రాసేది. పాత ప్రింటర్ పోర్టు చిరునామా సాధారణంగా హెక్స్‌లో 378. అక్కడ ఒక బైట్ రాస్తే, కంప్యూటర్ వెనక 25 పిన్నుల సాకెట్‌లో ఎనిమిది పిన్నుల మీద వోల్టేజీ మారుతుంది. ఒక పిన్ను మీద ఒక పల్సు పడితే మోటారు ఒక్క పిసరు తిరుగుతుంది. ఎమ్యులేటర్లో ఆ బైట్ లోపలే ఆగిపోతే మోటారు కదలదు. బజారులో దొరికే యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ కొన్నా ప్రయోజనం లేదు. అది ప్రింటర్‌కు డేటా పంపుతుంది తప్ప 378 దగ్గర ఉండదు.

ప్రోగ్రాంలను నేరుగా పోర్టుల్లోకి రాయనిస్తే ప్రమాదమన్న భయం ఉత్తిది కాదు. హెక్స్ 64వ పోర్టులో తప్పు బైట్ ఒక్కటి పడితే కంప్యూటరే రీసెట్ కావచ్చు. అందుకే 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ మామూలు ప్రోగ్రాంలను పోర్టుల దగ్గరికి రానివ్వలేదు. మంచి పనే చేసింది. ఆ గోడకు కన్నం వేసే విన్‌రింగ్0 లాంటి డ్రైవర్లు పోర్టులన్నిటికీ దారి తెరిచి దాడులు చేసేవాళ్లకూ పనికొచ్చాయి.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోం కదా. ఏ పోర్టుకు ఆ పోర్టు విడిగా తాళం వేసే వీలు 1985 నాటి ఇంటెల్ 386 ప్రాసెసర్లోనే ఉంది. 65,536 పోర్టులకు ఒక్కోదానికి ఒక్కో బిట్ చొప్పున 8 కిలోబైట్ల పట్టిక. లైనక్స్‌లో అడ్మిన్ అధికారం ఉన్నవాళ్లు ఆ పట్టిక ద్వారా ఒక ప్రోగ్రాంకు 378తో మొదలయ్యే మూడు పోర్టులే ఇచ్చి, మిగతావన్నీ మూసి ఉంచవచ్చు. విండోస్‌లోనూ అలాంటి అనుమతి ఉండాలి: పోర్టు పేరు చెప్పి, యజమాని ఒప్పుకుంటేనే, ఎప్పుడైనా వెనక్కి తీసుకునేలా.

ఎమ్యులేటర్‌కు ఇలా పోర్టు అనుమతి ఇవ్వడంలో మరో సుగుణముంది. కొత్తగా కొన్న ప్రింటర్ పోర్టు కార్డు చాలాసార్లు 378కి బదులు వేరే చిరునామాలో కూర్చుంటుంది, పాత ప్రోగ్రాంకు అది కనబడదు. డాస్‌బాక్స్‌కు మరో రూపమైన డాస్‌బాక్స్-ఎక్స్ మధ్యలో దుబాసీగా నిలబడి, 378కి వచ్చిన బైట్‌ను అసలు చిరునామాకు చేర్చగలదు. అయితే మిగతా పనుల మధ్య ఎమ్యులేటర్ ఒక్కోసారి ఆలస్యం చేస్తుంది, పల్సులు సమానంగా పడవు. కాబట్టి మొదటిసారి కట్టర్ తీసేసి, మోటారును ఉత్తినే తిప్పి చూడాలి. ఎమర్జెన్సీ స్టాప్ స్విచ్ మాత్రం కంప్యూటర్‌తో సంబంధం లేకుండా నేరుగా కరెంటునే ఆపేలా ఉండాలి.