ముగిసిన కథ, మిగిలిన దిగులు

రామానంద్ సాగర్ నిర్మించిన హిందీ ‘రామాయణం’ 1987 జనవరి 25న దూరదర్శన్‌లో ఆరంభమై, 1988 జూలై 31న ముగిసినది. పిమ్మటి ఆదివారములు ఎందరికో వెలవెలబోయినవి. కథ తెలియనివారా వారు? హిందీ రాని తెలుగువారు సైతము తరువాతి ఘట్టమేదో ఎరుగుదురు. వారు కోల్పోయినది కథను కాదు. ఇంటిల్లిపాదియు ఇరుగుపొరుగువారితో కూడి కథ చూచెడి వేళను.

ప్రేక్షకుల కోరికపై ఉత్తరకథయు వచ్చినది. ఈ తపన మనకు క్రొత్త కాదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణమున రామనిర్యాణము చెప్పక విడువగా, జయంతి రామభట్టు ఆ కొరత తీర్చెను.

కనుక అభిమాన ధారావాహిక ముగిసినదని నేడు దిగులుపడు విద్యార్థులను ఉపాధ్యాయులు పరిహసింపరాదు. ‘తరువాత ఏమైనది?’ అని వారిచేతనే వ్రాయింపవలెను. తరగతిలో పదుగురి నడుమ చదివింపవలెను. కథతోపాటు ఆ కలసి వినెడి వేళయు వారికి తిరిగి లభించును.