ఆఖరి బండి వెళ్లేలోపే మన పిల్లలకు యూనివర్సిటీ అందాలి!

చాంపియన్ రీఫ్స్ తల్లిదండ్రులకు, కాలేజీకి వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు విజ్ఞప్తి



ఈ ఏడు మన గని కార్మికుల లైన్లలోంచి మళ్లీ కొత్త పిల్లలు డిగ్రీకి, పీజీకి చేరుతున్నారు. చాలా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. సీటు దొరికింది, ఫీజు కట్టేశాం, ఇక మన పని అయిపోయిందనుకుంటున్నాం. అయిపోలేదు. అక్కడ వాళ్లు ఎవరి పక్కన కూర్చుంటున్నారు? మధ్యాహ్నం ఎవరితో తింటున్నారు? కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటున్నారు? ఈ మాట మనలో ఎవరమూ అడగడం లేదు.

1964లో పెట్టిన బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని 2017లో మూడుగా విడదీశారు. అందులో బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం మన కోలారు పక్కనే, టమకలో ఉంది. ముళబాగిలు రైతు బిడ్డ, శ్రీనివాసపురం మామిడితోటల తెలుగు పిల్ల, చిక్కబళ్లాపుర కన్నడ కుర్రాడు, మన లైన్ల తమిళ పిల్లవాడు, ఉర్దూ మాట్లాడే ఇంటి ఆడపిల్ల అందరి పేర్లూ ఒకే రిజిస్టరులో ఉంటాయి. కానీ రిజిస్టరులో కలిసినవాళ్లు క్యాంటీన్‌లో కలవడం లేదు.

ఇది పిల్లల తప్పు కాదు. కలవడానికి వాళ్లకు వేళ దొరకడం లేదు. కాలేజీలో నాటకం రిహార్సల్, కబడ్డీ ప్రాక్టీసు, చర్చావేదిక, ఎన్‌ఎస్‌ఎస్ మీటింగు ఏదైనా క్లాసులు అయ్యాక సాయంత్రమే పెడతారు. అప్పటికి మన పిల్లలు బస్టాండులోనో, బంగారుపేట ప్లాట్‌ఫారం మీదో నిలబడి ఉంటారు. బెంగళూరు వెళ్లేవాళ్లకు మారికుప్పం బండి తప్పితే ఆ రాత్రి ఇల్లు చేరడమే కష్టం. ఆడపిల్లలకు 2023 జూన్ నుంచి శక్తి పథకంలో బస్సు ఉచితమైంది, ఎందరికో అదే చదువు నిలబెట్టింది. అయినా బస్సు వేళ మారలేదు. హాస్టల్‌లో ఉండేవాళ్లూ సాయంత్రమైతే విడిపోతారు. సాంఘిక సంక్షేమ శాఖ హాస్టల్ ఒకచోట, వెనుకబడిన తరగతుల హాస్టల్ ఇంకోచోట, మైనారిటీల హాస్టల్ మరోచోట. ఆ హాస్టళ్లు లేకపోతే మన పిల్లలకు చదువే లేదు. వాటిని ఎవరు తగ్గిస్తామన్నా ఊరుకోం. కాబట్టి అందరూ ఒక్కచోట ఉండేది పగటిపూటే. ఆ పగటిపూటలో ఒక గంట మన పిల్లలకు కావాలి.

ఈ కాగితం తెలుగులో రాస్తున్నాం కనుక ముందు మన ఇంటి సంగతే చెప్పుకుందాం. తెలుగు పిల్లలు తెలుగువాళ్లతోనే తిరగడం, తమిళ పిల్లవాడు ఎదురైతే పక్కకు తప్పుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. కులం అడిగి మరీ స్నేహం చేయమని ఇంట్లో నేర్పేవాళ్లూ ఉన్నారు. అది ఆగాలి. మన పెద్దలు ఇక్కడి బంగారు గనిలోకి దిగినప్పుడు పైన బంగళాలు వేరు, క్లబ్బులు వేరు, కూలీ లైన్లు వేరు. ఆ అన్యాయాన్ని దాచనక్కర్లేదు. కానీ కేజ్ దిగాక, రాక్ బర్స్ట్ అయి బండ కూలినప్పుడు, పక్కవాడిది ఏ భాష అని అడిగినవాడు లేడు. చేతికి అందినవాణ్ణి లాగారు.

ఇంకో సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1960లలో ఇదే చాంపియన్ రీఫ్స్‌లో, హీత్‌కోట్ షాఫ్టు దగ్గర, 2 కిలోమీటర్లకు పైగా లోతున ముంబై టాటా పరిశోధన సంస్థవాళ్లు, జపాన్ ఒసాకా నుంచి, ఇంగ్లండ్ డర్హమ్ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లో ఇక్కడే పట్టుకున్నారు. వాళ్లకు కావలసిన ఆ లోతు మన కార్మికులు తవ్వినదే. మూడు దేశాలవాళ్లు కలిసి పనిచేసిన నేల మీద పుట్టిన పిల్లలు ఒక బెంచీ మీద కలిసి కూర్చోలేరా?

2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ఆ తర్వాత మనకు మిగిలిన షాఫ్టు చదువొక్కటే. దాంట్లోకి దిగే పిల్లవాడు మొదటి నెలలోనే ఒంటరైపోతే ఏమవుతుందో చెప్తాం వినండి. ఆఫీసు కౌంటరు దగ్గర కన్నడ ఫారం ఇస్తారు. తమిళంలోనో, ఇంగ్లీషులోనో చదివొచ్చిన పిల్లకు సగం అర్థం కాదు. స్కాలర్‌షిప్‌కు రాష్ట్ర ప్రభుత్వ ఎస్‌ఎస్‌పీ పోర్టల్‌లో కుల, ఆదాయ సర్టిఫికెట్ల ఆర్‌డీ నంబర్లు ఎక్కించాలి. ఆధార్‌లో తండ్రి పేరు ఇనీషియల్‌గా ఉంటుంది, ఎస్‌ఎస్‌ఎల్‌సీ మార్కుల కార్డులో పూర్తిగా ఉంటుంది. తేడా వస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పక్కన కన్నడ తెలిసిన స్నేహితురాలు ఒక్కతె ఉంటే అరగంట పని. లేకపోతే ఆ ఏడాది డబ్బు పోయినట్టే, కొన్నిసార్లు చదువూ పోయినట్టే.

అవమానం జరిగినా అంతే, చెప్పుకోవడానికి మనిషి కావాలి. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నియమం పెట్టింది. నియమం ఉండగానే 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. మీ పిల్లలను ఈరోజే అడగండి, మీ కాలేజీలో ఆ అధికారి ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు అని. తెలియదంటే రేపే వెళ్లి కనుక్కోమనండి.

మేం అడుగుతున్నది ఇది. ఆటలు, ఎన్‌ఎస్‌ఎస్, సాంస్కృతిక కార్యక్రమాలు వారానికి రెండు రోజులైనా మధ్యాహ్నం భోజనం వేళకు మార్చాలని విశ్వవిద్యాలయానికి, కాలేజీ ప్రిన్సిపాళ్లకు అర్జీ ఇద్దాం. క్లాసులు ముగిసే వేళకు సరిపడా కోలారు నుంచి బస్సు కావాలని కేఎస్‌ఆర్‌టీసీని అడుగుదాం. అర్జీ తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగింటిలోనూ రాద్దాం, ఏ లైనులో ఎవరూ చదవలేదనకుండా. సీనియర్ అన్నలు, అక్కలు తలా ఇద్దరు కొత్తవాళ్ల బాధ్యత తీసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరైనా మీ భాష కానివాళ్లు అయి ఉండాలి.

వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు చాంపియన్ రైల్వే స్టేషన్ బయట కలుద్దాం. కొత్తగా చేరిన పిల్లలు ఆధార్, మార్కుల కార్డు, కుల, ఆదాయ సర్టిఫికెట్ల జిరాక్సులు తెచ్చుకోండి, ఫారాలు అక్కడే నింపిస్తాం. సంతకాలకు తల్లిదండ్రులు తప్పక రావాలి. వచ్చేటప్పుడు పక్క లైనువాళ్లను కూడా పిలుచుకు రండి.

— చాంపియన్ రీఫ్స్ కాలేజీ విద్యార్థులు, పాత విద్యార్థులు, తల్లిదండ్రులు