సీసాలో బొద్దింక, రెండు తీర్పులు

తరుణ్ భాస్కర్ తీసిన 'కీడా కోలా' 2023 నవంబరు 3న విడుదలైంది. మొదటి ఆట వదిలేసరికే ప్రేక్షకులు రెండు వర్గాలయ్యారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వామన్నవాళ్లు ఒకవైపు, ఇంతకీ కథేదన్నవాళ్లు ఇంకోవైపు. 'పెళ్ళిచూపులు', 'ఈ నగరానికి ఏమైంది' తీసిన దర్శకుడు కాబట్టి చాలామంది ఆ రెండు సినిమాలనూ మనసులో పెట్టుకునే థియేటర్‌కి వెళ్లారు. తెర మీద ప్రేమ లేదు, స్నేహితుల కబుర్లు లేవు. కూల్ డ్రింక్ సీసాలో చచ్చిన బొద్దింక ఉంది, దాన్ని చూపించి కంపెనీ దగ్గర కోట్లు గుంజాలనుకునే మనుషులున్నారు.

ఈ బొద్దింక కథ వినడానికి గాలికబురులా ఉంటుంది కానీ, దీనికి గట్టి పూర్వకథే ఉంది. 1928 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని పెయిస్లీ ఊళ్లో తాను తాగిన జింజర్ బీర్ సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడిందని మే డోనహ్యూ అనే పేద మహిళ కేసు వేసింది. 1932లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమె వైపు తీర్పు చెప్పింది. సరుకు తయారుచేసేవాడు, ఎక్కడో దాన్ని వాడే ముక్కూమొహం తెలియని మనిషి పట్ల కూడా జాగ్రత్త తీసుకోవాల్సిందేనని ఆ కేసుతోనే తేలింది. మన లా కాలేజీల్లో ఇప్పటికీ అది మొదటి పాఠాల్లో ఒకటి. 'కీడా కోలా'లో లంచం అనే లాయరు బొద్దింకను చూసి డబ్బు వాసన పట్టడంలో అసహజం ఏమీ లేదు. సినిమాకు దొరికిన పాయింటు బంగారం లాంటిది.

ఆ బంగారంతో చేసిన నగ దగ్గరే పేచీ. ఇరవై ఏళ్లు జైల్లో ఉండి వచ్చిన నాయుడు, కార్పొరేటర్ కావాలని తపించే అతని తమ్ముడు జీవన్ తెరమీదకొస్తే సన్నివేశానికి ప్రాణం వస్తుంది. తరుణ్ భాస్కర్, జీవన్ కుమార్ ఆ పాత్రల్లో ఒదిగిపోయారు. వాళ్ల కోరికలు చిన్నవి, గల్లీ స్థాయివి. ఆ కోరికల కోసం వాళ్లు పడే పాట్లలోంచి నవ్వు దానంతటదే పుడుతుంది. వాస్తు అనే మరో పాత్ర సంగతి వేరు. అతనికి టూరెట్ సిండ్రోమ్ ఉంది, మాట అదుపులో ఉండదు. ఆ రుగ్మతనే నవ్వుల సరుకు చేసిన చోట ప్రేక్షకుడు ఇబ్బంది పడితే, అతనికి హాస్యం అర్థం కాలేదని తోసెయ్యడం అన్యాయం. మనిషి ఆశ మీద నవ్వడం వేరు, మనిషి ఒంటి మీద నవ్వడం వేరు.

రెండేళ్ల ముందు 'జాతిరత్నాలు' విషయంలోనూ జనం ఇలాగే రెండుగా విడిపోయారు. కారణాలు మాత్రం వేరు. జోగిపేట నుంచి హైదరాబాద్ వచ్చి హత్యాయత్నం కేసులో ఇరుక్కునే ముగ్గురు పనిలేని కుర్రాళ్ల కథ అది. అనుదీప్ దర్శకుడు. 2021 మార్చి 11న విడుదలైంది. కోవిడ్ మొదటి వేవ్ తగ్గి, థియేటర్లు మళ్లీ తెరుచుకుని, పక్క సీటువాడితో కలిసి నవ్వాలని జనం మొహం వాచి ఉన్న రోజులవి. హీరో నవీన్ పొలిశెట్టి నోరు తెరిస్తే హాలు దద్దరిల్లింది. సరిగ్గా నెలకు, ఏప్రిల్ 11న, సినిమా అమెజాన్ ప్రైమ్‌లోకి వచ్చింది. అప్పటికి రెండో వేవ్ ముంచుకొస్తోంది. ఇంట్లో భయంభయంగా కూర్చుని చూసినవాళ్లలో చాలామందికి ఇందులో అంతగా ఏముందో అంతుపట్టలేదు. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు, చూసే పరిస్థితి మారింది. రెండు అభిప్రాయాలూ నిజాయితీగా చెప్పినవే.

ఈ తేడా ఎక్కువగా అనుభవించేది తెలుగు రాష్ట్రాల బయట ఉన్న తెలుగువాళ్లు. సూరత్‌నే తీసుకోండి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గాల పని కోసం వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వీధుల్లోనే వినబడుతుంది. ఊరికి అటువైపు, హజీరా ఫ్యాక్టరీల దారిలో ఉంటుంది ఇచ్ఛాపూర్. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురానికీ దీనికీ సంబంధం లేదు. పెద్ద హీరో సినిమా అయితే సూరత్ మల్టీప్లెక్సుల దాకా వస్తుంది. చిన్న క్రైమ్ కామెడీకి అంత దూరం వచ్చే స్తోమత ఉండదు. ఇచ్ఛాపూర్‌లో ఉండే తెలుగువాడికి అది చేరాలంటే ఫోనే దిక్కు. డ్యూటీ దిగి ఒక్కడూ చూసే సినిమాకు హాలు నవ్వు తోడు రాదు. మాట ఒక్కటే మిగులుతుంది. ఆ మాటలో పని ఉంటే నవ్వుతాడు, లేకపోతే పదో నిమిషంలో ఆపేస్తాడు. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో తేల్చేసే ఫలితంలో ఈ ప్రేక్షకుడి లెక్క ఉండదు, ఉండాలి.

మాట అన్నాక యాస గురించి చెప్పక తప్పదు. ఒకప్పుడు మన సినిమాల్లో తెలంగాణ యాస దుర్మార్గుడికో కమెడియన్‌కో దక్కేది. 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావు ఆ యాసను అద్భుతంగా పలికారు. అది 1985. ఆయన ప్రతిభకు వంక లేదు, కానీ అదే సినిమాలో మంచివాళ్ల నోట ఆ మాట వినబడదు. ఇవాళ 'జాతిరత్నాలు', 'పరేషాన్', 'బలగం' సినిమాల్లో ఆ యాస కథానాయకుడిది. 'జాతిరత్నాలు'లో 'లేడీస్ ఎంపోరియం శ్రీకాంత్' అని ఊరు పిలిస్తే నామోషీ పడే కుర్రాడిదీ అదే భాష. ఈ మార్పు కొందరు ప్రేక్షకులకు ఇంకా మింగుడుపడలేదు. సినిమా మోటుగా ఉందని వాళ్లు అంటున్నప్పుడు, ఆ మాట కథ గురించా యాస గురించా అని నిలదీసి అడగాలి. 'పరేషాన్'లో మందు సీన్లు మరీ ఎక్కువయ్యాయంటే అది విమర్శ, చర్చించాల్సిందే. మంచిర్యాల మాట చెవికి గుచ్చుకుందంటే విమర్శ కాదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. కోయెన్ సోదరులు 1987లో తీసిన 'రైజింగ్ అరిజోనా'లో ఓ చిల్లర దొంగ, అతని పోలీసు భార్య కలిసి పసిబిడ్డను ఎత్తుకెళతారు. ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దానికి ఒకటిన్నర స్టార్లే ఇచ్చారు. ఆయన ప్రధాన అభ్యంతరం ఆ పాత్రలు మాట్లాడే తీరు మీదే. 2000లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన వంద ఉత్తమ హాస్యచిత్రాల జాబితాలో అదే సినిమా 31వ స్థానంలో నిలిచింది.

అలాగని నచ్చలేదన్నవాళ్లంతా పదేళ్ల తర్వాత మనసు మార్చుకుంటారని చిన్న సినిమా తీసేవాళ్లు ధీమాగా ఉండకూడదు. డబ్బు లేక సెట్టు చిన్నదైతే ఎవరూ తప్పుపట్టరు. ఇంటర్వెల్ తర్వాత కథ చతికిలబడటానికి మాత్రం బడ్జెట్‌ను సాకుగా చూపలేరు, కాగితం మీద రాసుకునే కథకు అంత ఖర్చేమీ కాదు కదా. 1993లో శివనాగేశ్వరరావు తొలి సినిమా 'మనీ' చూడండి. ఇద్దరు నిరుద్యోగులు డబ్బు కోసం ఒక ఆడమనిషిని ఎత్తుకెళతారు. తీరా చూస్తే భర్తకు ఆమె తిరిగి రావడమే ఇష్టం లేదు. హాలీవుడ్ 'రూత్‌లెస్ పీపుల్' ప్రభావం ఉన్న కథే అయినా, ఆ ఒక్క మెలికతో కథ చివరిదాకా బిగి సడలకుండా నడుస్తుంది. మధ్యలో బ్రహ్మానందం ఖాన్ దాదాగా వచ్చి ఎంత హంగామా చేసినా అసలు దారి తప్పదు. అదే బ్రహ్మానందం ముప్పై ఏళ్ల తర్వాత 'కీడా కోలా'లో చక్రాల కుర్చీలో కూర్చున్న తాతయ్యగా కనిపిస్తారు. అంతటి నటుణ్ని కుర్చీలో కూర్చోబెట్టిన కథ, ఆయనకు చేతినిండా పని మాత్రం కల్పించలేకపోయింది.