రోడ్డును కొలిచిన సైకిలు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా వ్రాసింది: “తాతగారూ, మా బాబాయి హాఫ్ మారథాన్ పరుగెత్తాడు. అది 21 కిలోమీటర్ల 97 మీటర్ల 50 సెంటీమీటర్లట. ఇరవై కిలోమీటర్లని పెట్టుకుంటే లెక్కకు సుఖంగా ఉండేది గదా! ఆ చిల్లర ఎందుకు? చివరి అర మీటరును ఎవరు కొలిచారు?”

నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినవాణ్ణి. ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండుగే. అందులోనూ ఆ రెండో ప్రశ్న నా పాత పుండును కొంచెం కెలికింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

ముందు చిల్లర సంగతి. 1896లో ఏథెన్సు నగరంలో మొదటి ఒలింపిక్ పోటీలు జరిగినప్పుడు మారథాన్ అనే ఊరి నుంచి ఏథెన్సుకు పరుగు పందెం పెట్టారు. దాని దూరం సుమారు 40 కిలోమీటర్లు. స్పిరిడాన్ లూయీ అనే గ్రీకు యువకుడు గెలిచాడు. ఆ రోజుల్లో మారథాన్ అంటే ఇంత దూరమని గట్టి నియమం లేదు. ఏ ఊళ్లో పోటీ జరిగితే ఆ ఊరి రోడ్డు ఎంత ఉంటే అంత.

1908లో ఒలింపిక్ పోటీలు లండన్‌లో జరిగాయి. పరుగు విండ్సర్ రాజకోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగియాలని ఏర్పాటు చేశారు. అలా కొలిస్తే 26 మైళ్ల 385 గజాలు వచ్చింది. ఆ పందెంలో ఇటలీ దేశస్థుడు డొరాండో పియెత్రి అందరికంటె ముందు స్టేడియంలోకి వచ్చాడు. కాని అప్పటికే అతనికి ఒళ్లు తెలియడం లేదు. తప్పుదారిన తిరిగాడు, పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చూడలేక అక్కడి అధికారులు పట్టుకుని గీత దాటించారు. ఇతరుల సాయం తీసుకున్నాడు కనక బహుమతి అతనికి దక్కలేదు. అమెరికావాడైన జానీ హేస్‌కు వెళ్లింది. మర్నాడు అలెగ్జాండ్రా రాణి డొరాండోకు ఒక కప్పు బహూకరించింది. పాపం, చివరి 385 గజాలు లేకపోతే అతని కథ మరో విధంగా ఉండేది కాబోలు!

1921లో అంతర్జాతీయ సంఘంవారు లండన్ దూరాన్నే మారథాన్‌కు స్థిరం చేశారు. మీటర్లలోకి మారిస్తే అది 42,195 మీటర్లు. రెండుతో భాగించండి. 42,195 బేసి సంఖ్య కనక అర మీటరు మిగలక తప్పదు. అమ్మాయీ, మీ బాబాయి పరుగెత్తిన ఆఖరి అర మీటరు అలా పుట్టిందన్నమాట.

పూర్తి మారథాన్‌కు నెలల తరబడి తయారు కావాలి. సగం దూరమైతే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా క్రమంగా సాధన చేసి పరుగెత్తగలరు. అందుకే ఈ పందేనికి ఇంత ఆదరణ. ఇంగ్లండులో 1981లో న్యూకాసిల్ నుంచి సముద్రతీరాన ఉన్న సౌత్ షీల్డ్స్‌కు గ్రేట్ నార్త్ రన్ అనే పరుగు మొదలైంది. బ్రెండన్ ఫాస్టర్ అనే ఒలింపిక్ వీరుడు దానికి మూలపురుషుడు. మొదటి ఏడాదే సుమారు 12,000 మంది పాల్గొన్నారు. మొదటి ప్రపంచ హాఫ్ మారథాన్ పోటీ కూడా 1992లో అక్కడే జరిగింది. మన ఢిల్లీలో 2005 నుంచి పెద్ద హాఫ్ మారథాన్ జరుగుతున్నది.

ఇక కొలత దగ్గరికి వద్దాం. 2021లో లిస్బన్ నగరంలో ఉగాండా దేశస్థుడు జేకబ్ కిప్లిమో ఈ దూరాన్ని 57 నిమిషాల 31 సెకన్లలో పరుగెత్తాడు. 2024లో వాలెన్సియా నగరంలో ఇథియోపియావాడు యోమిఫ్ కెజెల్చా 57 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేసి ఆ రికార్డును బద్దలుకొట్టాడు. ఎంత తేడా? ఒక్క సెకను! పెన్సిలు తీసుకోండి. 21,097 మీటర్లను 3,450 సెకన్లతో భాగిస్తే సెకనుకు ఆరు మీటర్ల చిల్లర వస్తుంది. లిస్బన్ వేరే దేశం, వాలెన్సియా వేరే దేశం. ఒక ఊరి రోడ్డు ఇంకొక ఊరి రోడ్డు కంటె ఏడు మీటర్లు తక్కువైతే ఆ రికార్డు గతి ఏమిటి? ఏడు మీటర్లంటే మీ తరగతి గది పొడవు. ఇరవై ఒక్క కిలోమీటర్లలో అంత తేడా కూడా రాకూడదంటే ఎలా కొలవాలి?

“ఫోను చూస్తే సరి” అంటారని తెలుసు. ఫోను ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో మనం ఎక్కడ ఉన్నామో ఊహిస్తుంది. ప్రతిసారీ కొద్ది మీటర్లు అటో ఇటో తప్పుతుంది. ఆ చుక్కలన్నిటినీ కలిపితే గీత వంకరటింకరగా వస్తుంది. ఎత్తయిన మేడల మధ్య మరీ వంకర. అందుకే పందెం ముగించినవాళ్లు చాలామంది “నా ఫోనులో ఎక్కువ చూపిస్తున్నది” అని తగాదాకు దిగుతారు. మోటారుకారు మీటరు ఇంకా మొరటుది. పోనీ ఇనుప టేపుతో కొలుద్దామా అంటే, 30 మీటర్ల టేపును ఏడు వందల సార్లకు పైగా పరవాలి.

ఇన్ని యంత్రాలున్న ఈ కాలంలో కూడా పెద్ద పందేల రోడ్లను కొలిచేది, చెబితే నవ్వుతారు, సైకిలు! ఇంగ్లండులో జాన్ జువెల్ 1961లో ఈ పద్ధతిని వివరించి వ్రాశాడు. 1964లో అమెరికాలో టెడ్ కార్బిట్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కార్బిట్ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తినవాడు. పరుగెత్తేవాడికే గదా తెలుస్తుంది, కొలత తప్పితే కష్టమెంతో! 1971లో అలన్ జోన్స్ అనే ఆయన సైకిలు ముందుచక్రం ఇరుసుకు తగిలించే ఒక చిన్న లెక్కింపు యంత్రం తయారుచేశాడు. చక్రం ఒకసారి తిరిగేసరికి అందులో ఇరవై అంకెలు కదులుతాయి. అంటే ఒక్కో అంకె సుమారు పది సెంటీమీటర్లు.

పద్ధతి ఇది. మొదట తిన్నని రోడ్డు మీద ఇనుప టేపుతో కనీసం 300 మీటర్లు జాగ్రత్తగా కొలిచి గుర్తులు పెడతారు. సైకిలు ఎక్కి ఆ దూరాన్ని నాలుగుసార్లు తొక్కి ఎన్ని అంకెలు కదిలాయో వ్రాసుకుంటారు. తరవాత అదే మనిషి, అదే సైకిలు మీద పందెం దారంతా తొక్కుతాడు. పని అయ్యాక మళ్లీ ఆ 300 మీటర్ల దగ్గరికి వచ్చి నాలుగుసార్లు తొక్కుతాడు. మళ్లీ ఎందుకు? ఎండెక్కితే టైరులోని గాలి వేడెక్కి టైరు ఉబ్బుతుంది, చుట్టుకొలత పెరుగుతుంది. పొద్దున ఒక కిలోమీటరుకు వచ్చిన అంకెలు మధ్యాహ్నం రావు, తగ్గుతాయి. సూర్యుడు కూడా కొలతలో వేలు పెడతాడన్నమాట!

ఇంకొక చిక్కు ఉంది. రోడ్డు మలుపు తిరిగేచోట బయటి అంచు పొడవు, లోపలి అంచు పొట్టి. పరుగెత్తేవాడు లోపలి అంచునే వెళతాడు. కనక కొలిచేవాడు కూడా మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిన తొక్కాలి. పోలీసులు బండ్లను ఆపి దారి ఇస్తారు. ఇంత చేసినా మనిషి చేసిన కొలతలో తప్పు ఉండకపోదు. అందుకని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. హాఫ్ మారథాన్‌కు 21 మీటర్లు. దారి కాస్త ఎక్కువైనా పరవాలేదు, తక్కువ కాకూడదు.

తక్కువైతే ఏమవుతుంది? 2016లో గ్లాస్గో నగరపు హాఫ్ మారథాన్‌లో క్యాలమ్ హాకిన్స్ స్కాట్లండు రికార్డు నెలకొల్పాడు. తరవాత తిరిగి కొలిస్తే దారి 150 మీటర్లు తక్కువని తేలింది. రికార్డు కొట్టివేశారు. అతను చేసిన తప్పేమీ లేదు. ఎక్కువైన కథ కూడా ఒకటుంది. 2015లో బాంకాక్‌లో వెనక్కు తిరగవలసిన చోటు తప్పుగా చూపించడం వల్ల హాఫ్ మారథాన్ వాళ్లు ఆరు కిలోమీటర్లు అదనంగా పరుగెత్తారు! దానికి లోకమంతా నవ్వింది. హాకిన్స్ సంగతికి మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే అలాంటి పని నేనూ చేశాను.

1992లో నేను కాలవ గట్టు మీదున్న ఒక ఊళ్లో లెక్కల మాస్టారుగా ఉన్నాను. దసరాకు అయిదు కిలోమీటర్ల పరుగు పందెం పెట్టాలనుకున్నాం. దారి కొలిచే పని సహజంగా నాకు అప్పగించారు. నేను సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ముందుచక్రం చుట్టూ దారం చుట్టి కొలిచాను. 2 మీటర్ల 23 సెంటీమీటర్లు వచ్చింది. అయిదు కిలోమీటర్లకు 2,242 చుట్లు. చువ్వకు ఎర్ర గుడ్డపీలిక కట్టి, అది పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెడుతూ, వంద కాగానే ఒక చింతపిక్కను ఎడమ జేబులోంచి కుడి జేబులో వేసుకుంటూ వెళ్లాను. ఇరవైరెండు పిక్కలు, పైన నలభైరెండు చుట్లు. అక్కడ సున్నంతో గీత గీయించాను. లెక్క ఒక్క చుట్టు కూడా తప్పలేదు. ఇప్పటికీ ఆ మాట చెప్పగలను!

మా బడిలో చదివి, అప్పుడు ఇంటర్మీడియట్‌లో ఉన్న ఒక కుర్రవాడు ఆ పందెం గెలిచాడు. 16 నిమిషాల 20 సెకన్లు. అతని తండ్రి రిక్షా తొక్కేవాడు. కుర్రవాడికి బూట్లు కూడా లేవు. నేను సంతోషం పట్టలేక ఆ కాలాన్ని కాగితం మీద వ్రాసి, సంతకం చేసి, అతన్ని జిల్లా పోటీలకు పంపాను. అక్కడ కొలత తప్పని మైదానంలో పన్నెండున్నర చుట్లు పరుగెత్తాడు. 16 నిమిషాల 40 సెకన్లు. అయిదోవాడుగా వచ్చాడు. నా కాగితం చూసిన ఒక పెద్దమనిషి అందరూ వినేలా, “మీ ఊళ్లో గడియారాలు నెమ్మదిగా నడుస్తాయటోయ్?” అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

కుర్రవాడు తిరిగి వచ్చి, “ఎందుకో ఆ రోజు కాళ్లు ఆడలేదండీ, మాస్టారూ. మీ మాట పోగొట్టాను” అన్నాడు. నేను భుజం తట్టి, “మరుసటేడు చూద్దాంలే” అన్నాను. అతను మళ్లీ పందేనికి రాలేదు.

రెండేళ్ల తరవాత తొమ్మిదో తరగతిలో వృత్తాల పాఠం చెబుతూ, సైకిలుతో రోడ్డు కొలిచిన సంగతి గొప్పగా చెప్పాను. వెనక బల్ల మీద కూర్చున్న ఒక పిల్ల లేచి, “మాస్టారూ, మీరు ఎక్కితే టైరు నొక్కుకుంటుంది గదండీ, అప్పుడు కూడా చక్రం అంతే దూరం పోతుందాండీ?” అని అడిగింది.

నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

మనిషి ఎక్కితే టైరు నొక్కుకుంటుంది. ఒక చుట్టుకు సైకిలు పోయే దూరం తగ్గుతుంది. పైగా నేను బుద్ధిమంతుడిలా దారి పొడుగునా ఎడమ పక్కనే తొక్కాను. కుర్రవాళ్లు మలుపుల్లో అడ్డంగా పడి పరుగెత్తారు. ఆ ఆదివారం సర్వే గొలుసు తెచ్చి, నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని, మలుపుల్లో వాళ్లు పరుగెత్తిన దారినే మళ్లీ కొలిచాను. 4 కిలోమీటర్ల 900 మీటర్లు! వంద మీటర్లు తక్కువ.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. 4,900 మీటర్లకు 980 సెకన్లయితే, 5,000 మీటర్లకు ఎన్ని? సరిగ్గా వెయ్యి. అంటే 16 నిమిషాల 40 సెకన్లు. ఆ కుర్రవాడు మా ఊళ్లో ఎంత వేగంగా పరుగెత్తాడో, అక్కడా అంతే వేగంగా పరుగెత్తాడు. ఒక్క సెకను కూడా తగ్గలేదు.

అప్పటికి అతను చదువు మాని వేరే ఊళ్లో లారీ ఆఫీసులో చేరాడు. ఉత్తరం వ్రాశాను, జవాబు రాలేదు. 2011లో ఒక బస్‌స్టాండులో కనిపించాడు. జుట్టు నెరిసింది, పక్కన కొడుకు ఉన్నాడు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని టిక్కెట్టు వెనక లెక్క వేసి చూపించాను. అతను ఆ కాగితం చాలాసేపు చూశాడు. “అయితే మాస్టారూ, ఆ రోజు నేను తగ్గలేదన్నమాట” అన్నాడు. తరవాత ఆ టిక్కెట్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను బస్సులో కండక్టరుకు నానా సంజాయిషీలూ చెప్పుకుని మళ్లీ టిక్కెట్టు కొనుక్కోవలసి వచ్చింది.

సరే, ఈ నెల పని. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి, బండ్లు తిరగని చోట ఈ ప్రయోగం చేయండి. సైకిలు ముందుచక్రం మీద సుద్దతో గుర్తు పెట్టండి. మొదట సైకిలును ఊరికే నడిపించుకుంటూ పది చుట్లు తిప్పి, ఎంత దూరం పోయిందో టేపుతో కొలవండి. తరవాత ఎక్కి తొక్కుతూ పది చుట్లు. పక్కన ఒకరు నడుస్తూ లెక్కపెట్టాలి. గాలి కొంచెం తగ్గించి మరొకసారి. పొద్దున ఒకసారి, ఎండలో నిలబెట్టి మరొకసారి. మీ నాన్నగారిని కూడా ఎక్కించి చూడండి. వచ్చిన అంకెలను, బాగా రాకపోయినా సరే, దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టు కార్డు మీద వ్రాసి పంపండి. సైకిలు ఎక్కినవారి బరువు కూడా వ్రాయడం మరచిపోకండి.