ఉపాధ్యాయుల విసుగుకు పొడుపుకథ

ఉపాధ్యాయుల ఆరోగ్యం అనగానే గొంతు నొప్పికి అతిమధురం, మిరియాల కషాయం సూచించి ఊరుకుంటున్నాము. మనస్సు మాటేమిటి? రోగాన్ని వృద్ధి చేసేవాటిలో విషాదాన్ని, తృప్తినిచ్చేవాటిలో హర్షాన్ని అగ్రస్థానంలో నిలిపింది చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను దండించరాదన్నది, మంచిదే. కాని భోజనానంతరం కిక్కిరిసిన తరగతిలో పుట్టే చిరాకుకు ఔషధం చెప్పలేదు. ఆ ఔషధం పిల్లల వద్దనే ఉన్నది. ఐదు నిమిషాలు పాఠం ఆపి వారిచేత ఒక పొడుపుకథ వేయించండి. జవాబు తెలిసినా తికమకపడండి. గురువుగారు ఓడినప్పుడు పిల్లలకు కలిగే సంబరం గురువుగారికీ సోకుతుంది. పథ్యం ఒక్కటే: ఏ పిల్లవాణ్ణీ నవ్వులపాలు చేయరాదు. సిలబస్ వెనుకబడుతుందని తనిఖీ అధికారులు ఆక్షేపించవచ్చు. విసుగుతో చెప్పిన పాఠం ఎందరి తలకెక్కుతుందో వారు ఒకపూట వెనుక బెంచీలో కూర్చుని చూడవలెను.